గ్లాసులో మిగిలినది

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా అమ్మ చివరిదాకా ఒకటే జవాబు చెప్పేది. "ఎలక్ట్రానిక్ సిటీలో ఒగ కంపెనీ ఉండాది. ఆడ మా పాప పిల్లోళ్లకి కషాయం తాగిస్తాది. తాగి వాళ్లు మొగం ఎట్ల పెడితే అట్ల రాసుకొంటాది. దానికి జీతమిస్తారప్పా!" ఫుడ్ టెక్నాలజీలో నేను చదివిన చదువంతా ఆమె అలా నాలుగు వాక్యాల్లో తేల్చేసేది. మొదట్లో నాకు కోపం వచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే అంతకంటే సరిగ్గా చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

పానీయాలు తయారు చేసే ఒక కంపెనీలో, రుచి పరీక్ష విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. నా కుర్చీలోకి వచ్చిన ఇద్దరమ్మాయిలు, చాలా తెలివైనవాళ్లు, "మేడం, మాన్యువల్‌లో లేనివి ఏమైనా ఉంటే రాసివ్వండి" అన్నారు. అమ్మాయిలూ, ప్రమోషన్లు, ఫైళ్లు, ఆడిట్లు మీరే చూస్తారు, వాటి గురించి నేను రాయను. నేను చేసిన తప్పుల గురించి రాస్తాను. వాటిలో ఒకటి చాలా పెద్దది.

ముందు ఆ గది సంగతి

కొత్తగా చూసేవాళ్లకు మా గది నవ్వు తెప్పిస్తుంది. వరసగా పన్నెండు అరలు, ఒక్కో అరలో ఒక కుర్చీ, ఎర్ర బల్బు. డ్రింకు రంగు కనబడితే కళ్లే మార్కులు వేసేస్తాయి, అందుకని ఎర్ర వెలుగు. గ్లాసు మీద పేరుండదు, మూడంకెల నంబరు మాత్రమే ఉంటుంది. ఒక గ్లాసుకూ ఇంకో గ్లాసుకూ మధ్య నోరు శుభ్రం కావడానికి ఉప్పు లేని బిస్కెట్టు ఇవ్వమంటుంది మాన్యువల్. ఆ బిస్కెట్టు ముక్కలు పళ్లలో ఇరుక్కుని అందరూ తంటాలు పడేవాళ్లు. నేను బొరుగులు, అంటే మరమరాలు, పెట్టాను. పై నుంచి వచ్చిన తనిఖీవాళ్లు అభ్యంతరం చెప్పారు, తర్వాత వాళ్లూ గుప్పెడు తిన్నారు.

మాన్యువల్‌లో లేని నియమం ఒకటి నాది ఉండేది. గ్లాసు పిల్లల చేతికి పోయేముందు నేను ముక్కు దగ్గర పెట్టుకుని చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, పోశాక ఒకసారి. ఇది మా నాన్న దగ్గర నేర్చుకున్నది. నగరత్‌పేటలో మాకు మూలికల అంగడి ఉండేది. ఆయన శొంఠి కట్టినా, అతిమధురం కట్టినా, ముందు ఆ కాగితం పొట్లాన్ని వాసన చూసేవాడు. "సరుకు మనది మంచిదే పాపా. పొట్లం యాడ నుంచి వచ్చిందో మనకి తెలుస్తాదా?" అనేవాడు. పన్నెండు మంది పిల్లలకు ఆరేసి గ్లాసులంటే ఒక్క పూటలో నా ముక్కు ఎంత పని చేసేదో లెక్క వేసుకోండి. రాజమ్మ, అంటే మా విభాగంలో గ్లాసులూ గిన్నెలూ చూసుకునే ఆవిడ, నన్ను చూసి "మేడమ్మకి ముక్కుతోనే కడుపు నిండిపోతాది" అని నవ్వేది.

ఇరవై తొమ్మిదేళ్లు నేను ఆ నియమం తప్పలేదు. తప్పిన రోజు సంగతే ఈ కథంతా.

బ్రూక్‌ఫీల్డ్ పిల్లల మర్యాద

కరోనా తర్వాత మా వ్యాపారంలో ఒక వింత జరిగింది. అప్పటిదాకా కషాయం అంటే పారిపోయే పిల్లలు అదే కావాలని అడగడం మొదలుపెట్టారు. పదిహేను, పదహారేళ్ల వాళ్లు. ఫోన్లో చూసి తిప్పతీగ అడిగేవాడొకడు, మొటిమలు పోతాయని సుగంధిపాల అడిగేదొకతె. మా పైఅధికారి మూర్తిగారికి నిద్ర పట్టలేదు. ఆయన గోదావరి జిల్లా మనిషి, మంచివాడు, తొందర ఎక్కువ. "భారతీ, ఈ పిల్లలు తాగే కషాయం మనం సీసాలో పెట్టాలి. వేరేవాడు పెట్టేలోపల పెట్టాలి" అన్నాడు.

మొదటి పరీక్ష బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక అపార్టుమెంటు క్లబ్ హౌసులో పెట్టాం. ఐటీ ఉద్యోగుల పిల్లలు, ముప్పై మంది. ధనియాల కషాయం, కొంచెం బెల్లంతో. తొమ్మిది మార్కులకు దాదాపు అందరూ ఎనిమిది వేశారు. "సూపర్ ఆంటీ!" "వెరీ రిఫ్రెషింగ్ ఆంటీ!" ఒక పిల్లవాడు దండం కూడా పెట్టాడు. నేను ఉబ్బిపోయి ఆఫీసుకు వచ్చాను. మర్నాడు పొద్దున ఆ అపార్టుమెంటు తోటమాలి ఫోన్ చేశాడు. క్లబ్ హౌసు చుట్టూ ఉన్న క్రోటన్ కుండీలన్నిటికీ చీమలు పట్టాయట. "మేడం, మీరు చెట్లకి ఏమన్నా మందు పోసి పోయినారా?" అని అడిగాడు.

పిల్లలు అబద్ధాలకోర్లు కారు. మర్యాదస్థులు. అమ్మ వయసున్న ఆడమనిషి ఎదురుగా నిలబడి ఆశగా చూస్తుంటే బాగాలేదని ఎలా చెబుతారు? ఆ రోజు నుంచి మార్కుల కాగితాన్ని రెండో సాక్ష్యంగానే పెట్టుకున్నాను. మొదటి సాక్ష్యం గ్లాసు. ప్రతి గ్లాసులో సరిగ్గా వంద గ్రాములు పోసి, తాగేశాక మిగిలింది త్రాసు మీద పెట్టి తూచేదాన్ని. కుండీలు లేని గదిలో. పదహారేళ్ల పిల్ల "సూపర్" అని రాసి డెబ్బై గ్రాములు వదిలేస్తే ఆ డెబ్బై గ్రాములనే నేను నమ్మేదాన్ని.

అదే అపార్టుమెంటులో ఒక పదో తరగతి కుర్రాడు మాత్రం నాకు నిజం చెప్పాడు. "నాకు టేస్ట్ నచ్చదు ఆంటీ. అమ్మమ్మ ఊరి నుంచి వచ్చి మిరియాలు దంచుతుంది కదా, అప్పుడు కిచెన్‌లో నిలబడటం నచ్చుతుంది" అన్నాడు. నేను దాన్ని రాసుకున్నాను కానీ పట్టించుకోలేదు. రుచి పరీక్షకు అది పనికిరాని మాట అనుకున్నాను.

లిఖిత

ఆ తర్వాత ఎలక్ట్రానిక్ సిటీలోనే, మా గదిలోనే, పన్నెండు మందితో శాశ్వత బృందం ఒకటి కట్టాం. తల్లిదండ్రుల సంతకాలు తీసుకుని, ప్రతి శనివారం వ్యానులో తీసుకొచ్చి, తిరిగి దింపేవాళ్లం. లిఖిత అలా వచ్చింది. పీయూసీ, అంటే ఇంటర్, మొదటి సంవత్సరం. వాళ్లమ్మ సుగుణ మడివాళలో ఒక పీజీ హాస్టల్లో మెస్సు నడుపుతుంది. నలభై మంది ఉద్యోగం చేసే ఆడపిల్లలకు రెండు పూటలా వంట. లిఖిత కాలేజీ నుంచి వచ్చి తల్లితో సమానంగా గరిటె తిప్పేది.

ఆ పిల్లంటే నాకు మొదటి రోజే ఇష్టం కలిగింది. అందరూ మొహం ముడుచుకునే నేలవేము కషాయాన్ని గటగటా తాగేసి, గ్లాసు తలకిందులు చేసి చూపించింది. త్రాసు మీద సున్నా. శొంఠి మిరియాలు అయితే ఇంకొంచెం ఉందా అని అడిగేది. అదే పిల్ల వట్టివేరు నీళ్లకు రెండు మార్కులు వేసింది. "ఇవి నీళ్లే గదా ఆంటీ. నీళ్లకి నేనేమి మార్కులెయ్యాల?" అంది. సుగంధిపాలకు "తీపి ఉండాది, అంతే" అంది. మాట్లాడితే సూటిగా మాట్లాడేది. నాకు ఆ సూటిదనం ముచ్చటగా ఉండేది. ఇన్నాళ్లకు మర్యాద కోసం అబద్ధం చెప్పని పిల్ల దొరికింది అనుకున్నాను.

ఇక్కడే నేను చేయకూడని పని చేశాను. పరీక్ష అయ్యాక పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించడం ఒకటి ఉంటుంది. అందులో ఎవరు ముందు మాట్లాడాలో వంతుల ప్రకారం మారుతూ ఉండాలి. నేను ప్రతి శనివారం "లిఖితా, నువ్వు చెప్పమ్మా" అని మొదలుపెట్టేదాన్ని. ఆ పిల్ల "కారం లేకుంటే అది కషాయమేనా?" అనేది. మిగిలినవాళ్లకు ఆమెలా అనిపించుకోవాలని ఉండదా? రెండు నెలలు తిరిగేసరికి గ్లాసుల్లో మిగిలేది కూడా తగ్గిపోయింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ముక్కు మూసుకుని తాగడం ఒక పౌరుషం అయిపోయింది వాళ్లకు. త్రాసును కూడా మోసం చేయించగలనని నాకు అప్పటికి తెలియదు.

నేను రిపోర్టు రాశాను. ఈ తరం పిల్లలకు చేదు, కారం కావాలి, తీపి అక్కర్లేదు, సున్నితమైన వాసనలు వాళ్లకు ఆనవు అని రాశాను. మూర్తిగారు దాన్ని చదివి ఎగిరి గంతేసినంత పని చేశాడు. చక్కెర లేని, గొంతు మండే కషాయం సీసాలకు అచ్చులు కూడా ఆర్డరిచ్చాడు.

కలరా ఉండలు

ఆ శనివారం ముంబై నుంచి ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు, మా గది చూడటానికి. బల్ల మీద చిందరవందరగా ఏమీ కనబడకూడదని రాజమ్మ ముందురోజే సామానంతా బీరువాలోకి సర్దింది. కొత్త పేపర్ గ్లాసుల కట్టలు విప్పి, ఏప్రన్లు పెట్టే అరలో పెట్టింది. ఆ అరలో బట్టలకు పురుగు పట్టకుండా కలరా ఉండలు ఉన్నాయి. ఆమె తప్పేమీ లేదు, శుభ్రంగా ఉంచాలనుకుంది. తప్పు నాది. మూర్తిగారి పక్కన నిలబడి వచ్చినవాళ్లకు ఎర్ర బల్బు గురించి ఇంగ్లీషులో ఉపన్యాసం ఇస్తూ, ఆ రోజు నేను గ్లాసులు వాసన చూడలేదు.

గ్లాసులు పిల్లల అరల్లోకి పోయాయి. ఒక్క నిమిషంలో పదకొండు అరల్లోంచి పదకొండు రకాల చప్పుళ్లు. ఒకడు తుమ్మాడు. ఒక పిల్ల "ఇదేంటి ఆంటీ, బాత్రూమ్ స్మెల్!" అని గ్లాసు దూరంగా తోసేసింది. నేను పరుగెత్తి ఒక గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను, తల తిరిగింది. "ఎవరూ తాగకండి, అందరూ కింద పెట్టండి" అని అరిచాను.

పన్నెండో అరలో లిఖిత అప్పటికే తాగేసింది. గ్లాసు ఖాళీ. కాగితం మీద ఎనిమిది మార్కులు వేసి, పక్కన చక్కటి అక్షరాలతో "బాగుంది, ఇంకొంచెం మిరియాలు వేయొచ్చు" అని రాసింది.

కంపెనీ డాక్టరుకు ఫోన్ చేస్తే, గ్లాసుకు వాసన పట్టిందంతే కదా, భయం లేదు, నీళ్లు తాగించి గంటసేపు దగ్గరుండి చూడండి అన్నారు. ఆ పిల్లను నా గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. నా భయం ఆ గ్లాసు గురించి మాత్రమే కాదు. మూడు నెలల కాగితాలన్నీ నా కళ్ల ముందు తిరుగుతున్నాయి. వట్టివేరు నీళ్లు. సుగంధిపాల. తీపి ఉండాది, అంతే.

సొరుగులోంచి లవంగ నూనె సీసా తీసి, కళ్లు మూసుకోమని ముక్కు కింద పెట్టాను. "ఇదేమిటో చెప్పు."

"పెట్టినారా ఆంటీ?"

పెట్టి అప్పటికే చాలాసేపయింది. ఆ పిల్ల కళ్లు తెరిచి సీసా చూసింది, నన్ను చూసింది, తల దించుకుంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"జ్వరం వచ్చిపోయినప్పటి నుంచి. ఒగటిన్నర సంవత్సరం ఆయ."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పేది? అందరికీ పోయింది, అందరికీ వచ్చింది. నాకూ వస్తాదని సుమ్నే ఉండిపోతి. రాలేదు. అమ్మకి చెప్తే ఏడుస్తాది ఆంటీ. జ్వరం పీజీ నుంచి అమ్మకే ముందు వచ్చినాది. 'నా వల్లనే నీకు అంటుకొన్నాది' అని ఇప్పటికీ అంటా ఉంటాది. అన్నం తిన్నా, బిర్యానీ తిన్నా తడిగుడ్డ నమిలినట్లే ఉండాది. ఈడ మీ కషాయం తాగితే మాత్రం గొంతులో కాల్తాది గదా, నాలికకి చేదు తగలతాది గదా. అప్పుడు ఏదో ఒగటి తాగినానని తెలస్తాది. దానికే వస్తా ఉండా. మీరు తీసేస్తారని చెప్పలేదు."

ముక్కు పోయినా నాలుక చేదునూ తీపినీ పట్టుకుంటుందనీ, మిరియం మంట వేరే దారిన తెలుస్తుందనీ నేను చదువుకున్నాను. కొత్తగా చేరినవాళ్లకు పాఠం కూడా చెప్పాను. ఎదురుగా కూర్చున్న పిల్లలో మూడు నెలలు దాన్ని చూడలేకపోయాను. ఎందుకంటే ఆమె వేసే మార్కులు నాకు కావలసిన మార్కులు. నాకు అప్పుడు కలిగింది సిగ్గు. ఆ పిల్ల ముందే ఏడ్చాను, దాచుకోలేదు. పాపం, తనే నాకు బొరుగుల గిన్నె జరిపింది.

మూర్తిగారి గదిలో

సోమవారం పొద్దున రిపోర్టు వెనక్కి తీసుకుంటానని చెప్పాను. ఆయన నమ్మలేదు. "ఒక్క పిల్ల మార్కులు తీసెయ్యమ్మా. పదకొండు మంది ఉన్నారుగా?"

"పదకొండు మంది మార్కులూ ఆమెవే సార్. ప్రతివారం ఆమెతోనే మొదలుపెట్టించాను. మిగిలినవాళ్లు ఆమెను చూసి తాగారు. తప్పు ఆమెది కాదు, నాది."

"సీసాల అచ్చులు వచ్చేశాయి భారతీ!"

"అచ్చుల్లో ఏదో ఒకటి పోసుకోవచ్చు సార్. ఈ కషాయం మాత్రం పోయకండి. వీళ్లు మొదటి గుక్క తర్వాత ఎక్కడ పారబోస్తారో నాకు తెలుసు."

ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు నా గది గుమ్మం దగ్గర నిలబడి, సీసాల గురించి అడుగుతాడనుకుంటే, "ఆ పిల్లను ఎవరికైనా చూపించారా?" అన్నాడు. తనకు తెలిసిన చెవి-ముక్కు-గొంతు డాక్టరు నంబరు కాగితం మీద రాసి తెచ్చాడు. చాలామంది బాసుల దగ్గర పనిచేశాను. తొందరపాటు మనిషి అని ఆయన్ను తిట్టుకున్న రోజులున్నాయి. ఆ కాగితం తెచ్చిన మనిషి కింద పనిచేశానని ఇప్పుడు గర్వంగా చెప్పుకుంటాను.

పరీక్షలు మళ్లీ మొదటి నుంచి పెట్టాం, వంతులు తప్పకుండా. నేలవేము గ్లాసులు నిండుగా తిరిగొచ్చాయి. కషాయం సీసా బజారుకు రాలేదు. అప్పుడు నాకు బ్రూక్‌ఫీల్డ్ కుర్రాడు గుర్తొచ్చాడు. ఒక శనివారం ఎర్ర బల్బులు ఆర్పేసి, పిల్లల చేతికి రోళ్లూ గిన్నెలూ ఇచ్చి, మీరే కాచుకోండి అన్నాను. శొంఠి ఎక్కువైంది, బెల్లం అడుగంటింది, ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. తాము కాచింది తామే తాగారు, మిగిల్చింది చాలా తక్కువ. ఈ పిల్లలకు కషాయం మీదున్న ఇష్టం రుచి మీద ఇష్టం కాదని నా అభిప్రాయం. ఇంట్లో ఎవరినో ఒకరిని అడగాలి, పక్కన నిలబడాలి, దంచాలి, ఊదుకుంటూ తాగాలి. అది సీసాలో పట్టదు. కంపెనీవాళ్లు ఈ మాట వినరు, మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి. వాళ్లు ఫోన్లో చూసి నేర్చుకున్నారని వెక్కిరించకండి. ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి కదా.

మడివాళ మెస్సు

డాక్టరుకు చూపించాలంటే ముందు తల్లికి చెప్పాలి. నేనే వెళ్లాను, లిఖితను వెంటబెట్టుకుని. మడివాళ మార్కెట్ దాటి లోపలి సందులో ఇరుకు వంటిల్లు. సుగుణ బీన్సు కోస్తోంది. విషయం చెప్పగానే కత్తిపీట పక్కన పెట్టి, ముందు లేచి వెళ్లి గ్యాసు సిలిండరు వాల్వు కట్టేసింది. తర్వాత వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"పోపు మాడినా పలకదు. పాలు పొంగినా పలకదు. పోన్లో పడి ఉండాది అని తిడతా ఉంటినే! రోజూ దీన్ని ఒగదాన్నే ఈడ పెట్టి మార్కెట్‌కి పోతా ఉంటి మేడమ్మా. గ్యాసు లీకయ్యింటే?" ఆ మాట అనేసి కూతురి నెత్తి మీద ఒక దెబ్బ వేసింది, వెంటనే ఆ తలనే గుండెకు అదుముకుంది. లిఖిత "నీ వల్ల కాదు మా, అందరికీ వచ్చినాది గదా" అని పదే పదే చెబుతోంది. ఏడాదిన్నరగా ఇద్దరూ ఒకరి కోసం ఒకరు దాచుకున్నదంతా ఆ బీన్సు బుట్ట ముందు బయటికొచ్చింది.

డాక్టరు నెమ్మదస్తుడు. మందులేమీ లేవన్నాడు. నాలుగు వాసనలు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒక్కోటి ఇరవై సెకన్లు, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ పీల్చాలి. నెలల తరబడి చేయాలి. "రావచ్చు, రాకపోవచ్చు. ఇంత ఆలస్యమయ్యాక నేను మాటివ్వలేను" అన్నాడు. కషాయం మానాలా అని సుగుణ అడిగితే, తాగితే తాగనీండి, దానితో రాదు, దానితో పోదు అన్నాడు. అందుకే చెబుతున్నాను, కషాయం తాగితే ముక్కు తిరిగొచ్చిందని ఎవరైనా మా డ్రింకుల మీద రాయమంటే రాయకండి.

నాలుగు సీసాలు నేనే చేసిచ్చాను. లవంగం, నిమ్మతొక్క, గులాబీ, నీలగిరి తైలం. అయిదోది డాక్టరు చెప్పనిది, వట్టివేరు. రెండు మార్కులు వేసిన పిల్లతో అదెప్పటికైనా నీళ్లు కాదనిపించాలని నా పంతం. సుగుణ సీసాలను పోపుడబ్బా పక్కన పెట్టుకుంది. పొద్దునా సాయంత్రం కూతురు కళ్లు మూసుకుంటే, తల్లి సీసా పట్టుకుని "ఇది చిన్నప్పుడు నీకు పన్ను నొప్పి వస్తే పెట్టింది, గుర్తు చేసుకో" అనేది. "ఇది మీ అవ్వ జడలో పెట్టుకొనే పువ్వు" అనేది. ప్రతి ఆదివారం నాకు ఫోన్. మొదటి నెల ఏమీ లేదు. మూడో నెల ఏమీ లేదు. ఎనిమిది నెలలు ఏమీ లేదు. "మీరు ఊరికే కష్టపడతా ఉండారు ఆంటీ" అని లిఖితే నన్ను ఓదార్చేది. ఒకసారి ఫోన్లో ఏడ్చింది కూడా. డిగ్రీలో చేరేటప్పుడు ఫుడ్ టెక్నాలజీ తీసుకుంటావా అని అడిగినందుకు. "ముక్కు లేనిదాన్ని ఎవరు తీసుకొంటారు?" అంది. ఆమెకు కావలసింది అదేనని నాకు అప్పుడే తెలిసింది.

ఏడాది దాటాక ఒక ఆదివారం, "సీసా పెడితే ఏదో ఉండాది ఆంటీ. ఏమని చెప్పలేను. ఎవరో దూరంగా నిలబడినట్లుండాది" అంది. డాక్టరు మంచి గుర్తే అన్నాడు, కానీ కొందరికి అంతటితో ఆగిపోతుందనీ చెప్పాడు. ఆ తర్వాత నేను అడగడం మానేశాను. ఆశగా చూసే ఆంటీ ఎదురుగా ఉంటే పిల్లలు ఏం చెబుతారో నాకు తెలుసు.

చివరి గ్లాసు

నా ఆఖరి పనిదినం శనివారం పడింది. పాత బృందంలో పిల్లలను పిలిచాం. అందరూ కాలేజీల్లో ఉన్నారు, మగపిల్లలకు మీసాలొచ్చాయి. లిఖిత పూలదండ కట్టి తెచ్చింది. కేకు కోశాక, మూర్తిగారు కూడా చూస్తుండగా, ఆఖరిసారి ఒక పరీక్ష పెడతాను అన్నాను. ఎర్ర బల్బులు వేశాం. రాజమ్మ వేడివేడి గ్లాసులు తెచ్చింది. ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, పోశాక ఒకసారి, అన్నిటినీ వాసన చూశాను. అందరికీ ఒకటే పోశాను, ఆ పాత నేలవేము కషాయం. అదేమిటో ఎవరికీ చెప్పలేదు. పన్నెండో అర వైపు నేను చూడలేదు. వెనక్కి తిరిగి గోడకు మొహం పెట్టి నిలబడ్డాను.

"ఛీ!"

పన్నెండో అరలోంచే. "ఏంది ఆంటీ ఇది! తడిసిన గోనెసంచి కంపు! నోట్లో పెట్టకముందే కడుపులో తిప్పతా ఉండాది. ఒగ చుక్క నాలికకి తగిలితే అదే చేదు! ఇదా నేను తాగతా ఉన్నింది? ఇన్నాళ్లు ఇదా?"

నేను తిరిగి చూసేసరికి ఆ పిల్ల ముక్కు మూసుకుని, గ్లాసును అర చివరికి తోసేసి నిలబడి ఉంది. తను ఏమందో తనకు అప్పుడే అర్థమైనట్టుంది. ముక్కు మీది చెయ్యి తీసి, మళ్లీ గ్లాసు మీదికి వంగి, మెల్లగా పీల్చింది. మళ్లీ "ఛీ" అంది. ఏడుస్తూ అంది.

అందరూ ఆమె చుట్టూ చేరారు. రాజమ్మ తన కొంగు ఆమె ముక్కు దగ్గర పెట్టి ఇదేమి చెప్పు, ఇదేమి చెప్పు అని అడుగుతోంది. నేను ఆ గ్లాసు తీసుకెళ్లి త్రాసు మీద పెట్టాను. వంద గ్రాములు పోశాను, తొంభై తొమ్మిది ఉంది. కాగితంలో మార్కుల గడి ఖాళీగా వదిలేసింది కాబట్టి నేనే రాశాను, ఒకటి. తొమ్మిదికి ఒకటి. నా ఉద్యోగంలో అంతకంటే తక్కువ మార్కు ఏ డ్రింకుకూ పడలేదు. రిజిస్టరులో అంటించాల్సిన ఆ కాగితాన్ని అంటించలేదు, మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.